పెళ్ళిచూపుల్లోపు 15 కిలోలు తగ్గించడం గురించి అడిగిన తల్లికి

అమ్మా, మీరు రాసింది క్లుప్తంగా ఇది: అమ్మాయికి 25 ఏళ్ళు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 73 కిలోలు, నడుము 94 సెంటీమీటర్లు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. గడ్డం కింద వెంట్రుకలు, మెడ వెనక నలుపు ఉన్నాయి. నాన్నగారికి నలభై దాటగానే షుగర్ వచ్చింది. లావు కారణంగా రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడు నెలల్లో ఇంకో సంబంధం వాళ్ళు చూపులకు వస్తున్నారు కాబట్టి ఆలోపు 15 కిలోలు తగ్గాలి, ఇంజక్షన్ ఇప్పించవచ్చా అని అడిగారు. చివర్లో ఒక మాట అన్నారు: "మా అబ్బాయితో ఏ ఇబ్బందీ లేదు, 70 కిలోలే, కాస్త బొజ్జ తప్ప." ఆ మాటకు మళ్ళీ వస్తాను.

ముందు సూటిగా జవాబు. మూడు నెలల్లో 15 కిలోలు వద్దు. 5 నుంచి 6 కిలోలు సాధ్యం, అంతే చాలు కూడా. చూపుల తేదీ కోసం ఇంజక్షన్ మొదలుపెట్టకండి. ఈ వారంలో చేయాల్సింది పరీక్షలు.

15 కిలోలు ఎందుకు కుదరదో లెక్క చూడండి. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. 15 కిలోలకు 1,15,500. దాన్ని 90 రోజులకు పంచితే రోజుకు దాదాపు 1,280. మీ అమ్మాయి వయసు, ఎత్తు, బరువు, కుర్చీలో కూర్చుని చేసే పని, ఇవన్నీ కలిపితే ఆమె శరీరం రోజుకు ఖర్చు చేసేది సుమారు 1,850 కేలరీలు. అంటే ఆమె తినడానికి మిగిలేది 570. ఉదయం మూడు ఇడ్లీలు పల్లీ చట్నీతో, మధ్యాహ్నం ఒక చిన్న పళ్ళెం అన్నం పప్పు తింటే ఆ రోజుకి ఇక నీళ్ళే. అలా పస్తు పెడితే తూకం పడిపోతుంది, నిజమే. కానీ మొదటి వారం తగ్గే రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీరు. కాలేయంలో, కండల్లో దాచి ఉన్న పిండిపదార్థం ఒక్కో గ్రాముతో మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చయినప్పుడు ఆ నీరూ పోతుంది. ఆ తర్వాత పోయేదాంట్లో కండ కూడా ఉంటుంది. వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. ఇంకొకటి, దీన్ని ఎవరూ ముందు చెప్పరు: కఠినమైన పస్తు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళతో ఊడుతుంది. మీ లెక్క ప్రకారం అది సరిగ్గా చూపుల వారం.

ఇక జబ్బు ఎక్కడుందో చూద్దాం. బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ ఆమెకు 29.2. మనవాళ్ళకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. యూరప్ వాళ్ళ 25, 30 గీతలు మనకు పనికిరావు. అయితే ఈ అంకె కంటే నడుము ముఖ్యం. ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు హద్దు. దానితోపాటు నడుము కొలత ఎత్తులో సగానికి లోపు ఉండాలి. ఆమెకు 79 ఉండాల్సింది 94 ఉంది. పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకునే కొవ్వుకి ఇది గుర్తు. చెయ్యి మీదా తొడ మీదా ఉన్న కొవ్వు అంత హాని చెయ్యదు. చూపులకొచ్చినవాళ్ళు చూసేదీ ముచ్చటించుకునేదీ దాని గురించే అయినా సరే.

నడుము సరిగ్గా కొలిచారో లేదో చూసుకోండి. సల్వార్ బొందు కట్టే చోటో, జీన్స్ ఆగే చోటో కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, చర్మం మీదే, ఉదయం ఏమీ తినకముందు. టేపు నేలకు సమాంతరంగా చుట్టూ తిరగాలి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాగకూడదు. నెలకోసారి కొలిస్తే చాలు.

మెడ నలుపు మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నప్పుడు చర్మం అలా మందమై నల్లబడుతుంది. నలుగు పెట్టి రుద్దడం, బ్లీచ్ చేయించడం వల్ల ఇంకా ముదురుతుంది. మందుల షాపులో తెల్లబడే క్రీమ్ పేరుతో ఇచ్చే వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అవి చర్మాన్ని పల్చబరుస్తాయి, మొహానికి రాస్తే మొటిమలు, ఎర్రదనం. ఇన్సులిన్ దిగితే నలుపు నెలల మీద నెమ్మదిగా తేలికవుతుంది.

నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు కలిసి ఉన్నాయి కాబట్టి పీసీఓఎస్ (అండాశయాల పనిని, హార్మోన్లను తారుమారు చేసే సమస్య) అనుమానించాలి. నెలసరి తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువైన గుర్తులు (గడ్డం మీద వెంట్రుకల్లాంటివి), స్కానింగ్‌లో కనిపించే నీటిబుడగలు, ఈ మూడు లక్షణాల్లో మొదటి రెండూ ఉంటే చాలు, మిగతా కారణాలు లేవని తేలితే స్కానింగ్ లేకుండానే నిర్ధారించవచ్చని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనవాళ్ళు తలకిందులుగా వెళ్తారు: మొదట స్కానింగ్, అందులో "నీటిబుడగలు" అనగానే కంగారు, అసలు అవసరమైన షుగర్ పరీక్ష మాత్రం ఉండదు.

చేయించాల్సినవి ఇవి. పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు మరోసారి షుగర్. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ వివరాలన్నీ, కాలేయానికి ఎస్‌జీపీటీ, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్, ఉదయం పూట తీసిన 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్, హిమోగ్లోబిన్. హార్మోన్లవి నెలసరి వచ్చిన రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు అయితే మేలు. గ్లూకోజు పరీక్షకు ముందు మూడు రోజులు మామూలుగా అన్నం తినాలి. పస్తులుండి వెళ్తే షుగర్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు, అందుకే ఆ ఒక్క పరీక్షతో సరిపెట్టుకోవద్దు. పరగడుపున 100 నుంచి 125, రెండు గంటలకు 140 నుంచి 199, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వస్తే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు. ఇన్సులిన్ పరీక్ష అవసరం లేదు, దాన్ని బట్టి చికిత్స మారదు. బీపీ చూసేటప్పుడు లావు చేతికి పెద్ద పట్టీ వాడమనండి, చిన్న పట్టీ లేని బీపీని ఉన్నట్టు చూపిస్తుంది.

టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువొస్తే (థైరాయిడ్ లోపానికి అది గుర్తు) "అదిగో కారణం దొరికింది" అనుకోవద్దు. థైరాయిడ్ లోపం వల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ నీరే. బరువు కోసం థైరాయిడ్ మాత్ర మింగితే గుండె దడ, ఎముకల బలహీనత వస్తాయి.

ఇప్పుడు 5 కిలోలు ఎందుకు చాలన్నానో. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే నెలసరి గాడిలో పడే అవకాశం బాగా పెరుగుతుంది, కాలేయంలో కొవ్వు, షుగర్, బీపీ దిగుతాయి. 73 కిలోలకు అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. రోజుకు 500 కేలరీల లోటుతో, అంటే 1,350 దగ్గర తింటే, వారానికి 400 నుంచి 500 గ్రాములు తగ్గుతుంది.

తిండిలో ఎక్కడ కోయాలన్నదే అసలు పని. చాలామంది అన్నం మానేసి చపాతీకి మారతారు, నాలుగు చపాతీలు తింటారు, బరువు కదలదు. బియ్యం, గోధుమ పిండి, కొర్రలు, అన్నీ వంద గ్రాములకు 330 నుంచి 360 కేలరీల మధ్యే. కొర్రల్లో, జొన్నల్లో పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండినట్టుంటుంది, అది నిజమైన లాభం. కానీ కొర్రన్నం ఎంత తిన్నా ఫరవాలేదన్నది అబద్ధం. ఆమె వంతు బియ్యాన్ని వండకముందు తూచండి: పూటకు 60 గ్రాములు. ఉడికాక 150 నుంచి 170 గ్రాములవుతుంది. వారం రోజులు తూచితే కంటికి అలవాటవుతుంది, తర్వాత తక్కెడ అక్కర్లేదు.

రెండోది నూనె. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2,000 కేలరీల పళ్ళెంలో నూనె 27 గ్రాములు. ఇంట్లో నలుగురుంటే నెలకు మూడున్నర లీటర్లు. మీ సరుకుల చీటీ చూసుకోండి. ఆరు లీటర్లు వస్తుంటే మనిషికి రోజుకు 45 గ్రాములు, అదనంగా 160 కేలరీలు, ఏ వేపుడూ తినని రోజున కూడా. ఒక చెంచా నూనె 40 కేలరీలు. బెండకాయ, వంకాయ వేపుళ్ళు నూనె ఎక్కువ తాగుతాయి, వాటిని ముందు ఆవిరి మీద ఉడికించి చివర్లో చెంచా నూనెతో తిప్పితే సరిపోతుంది. ఆవకాయ మానక్కర్లేదు, పైన తేలే నూనె కలుపుకోకుండా ముక్క వేసుకోవాలి. టీ మూడు కప్పులు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అంటే 30 గ్రాములు. రోజు మొత్తానికి 25 దాటకూడదు. బెల్లానికీ తేనెకూ ఇందులో మినహాయింపు లేదు.

తగ్గించినచోట మాంసకృత్తులు పెట్టకపోతే కండ పోతుంది, ఆకలీ ఆగదు. ఆమెకు రోజుకు 60 నుంచి 70 గ్రాములు కావాలి. ఉదయం రెండు పల్చటి పెసరట్లు అల్లం చట్నీతో, ఒక ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం చెప్పిన అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో గట్టిపప్పు, 200 గ్రాముల కూర, ఒక కప్పు పెరుగు. సాయంత్రం 30 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించి ఉల్లిపాయ నిమ్మరసంతో. రాత్రి ఎనిమిదిలోపు రెండు చిన్న జొన్న రొట్టెలు, 100 గ్రాముల కోడి కూరో రెండు గుడ్ల కూరో. శాకాహారులైతే 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15 గ్రాముల మాంసకృత్తులుంటాయి. మన ఇళ్ళల్లో పప్పు అని పిలిచేది సగం నీళ్ళే. రెండు గరిటెల పప్పుచారు పోసుకుని ప్రొటీన్ తిన్నామనుకోవద్దు.

కొబ్బరినూనె తాగే ద్రవాహార పద్ధతి గురించి కూడా అడిగారు. తెలుగు రాష్ట్రాల్లో కొన్నేళ్ళ కిందట ఊరూరా చేశారు. తూకం వేగంగా దిగడానికి కారణం మొదట చెప్పిన నీరు, ఆపైన ఆకలి చావడం. కొందరికి చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది, అన్నం మొదలెట్టగానే నీరు తిరిగి చేరుతుంది. నాన్నగారు షుగర్‌కి పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్ర వాడుతుంటే ఆయన మాత్రం తోడుగా కూడా ఇది చేయకూడదు. షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి రావచ్చు. మూలికల పొడులూ అంతే: 2011లో మన దేశంలో నిషేధించిన సిబుట్రమిన్‌ని అలాంటి పొట్లాల్లో కలిపి అమ్మడం చాలా దేశాల్లో పట్టుబడింది.

నడక 30 నిమిషాలు ఆమె బరువుకు 120 నుంచి 150 కేలరీలు, అంటే దాదాపు ఒక సమోసా పాటి కూడా కాదు. అందుకని నడకతోనే తగ్గాలని చూస్తే నిరాశే. దాని ఉపయోగం వేరు: తిన్న వెంటనే 10 నుంచి 15 నిమిషాలు నడిస్తే భోజనం తర్వాత ఎక్కే షుగర్ తగ్గుతుంది, తగ్గిన బరువు తిరిగి రాకుండా నిలుస్తుంది. వారానికి 150 నిమిషాలు పెట్టుకోండి. వారంలో రెండు రోజులు కండకు పని: కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం పదేసి సార్లు మూడు విడతలు, గోడకు చేతులానించి దండీలు, రెండు చేతుల్లో రెండు లీటర్ల నీళ్ళ సీసాలు పట్టుకుని ఎత్తడం.

ఇంజక్షన్ సంగతి. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ మంచి మందులే. మన దేశంలో బరువు కోసం రెండూ 2025లో వచ్చాయి. పెద్ద పరీక్షల్లో సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ పూర్తి మోతాదుతో 72 వారాల్లో 21 శాతం దాకా బరువు తగ్గింది. గుండెజబ్బు ఉన్నవాళ్ళలో సెమాగ్లూటైడ్ గుండెపోటు, పక్షవాతం లాంటివాటిని 20 శాతం తగ్గించిందని 2023లో తేలింది. 110 కిలోలతో, షుగర్‌తో మోకాళ్ళు పట్టేసిన మనిషికి "నోరు కట్టుకో" అని చెప్పి ఈ మందు ఇవ్వకపోవడం నా దృష్టిలో అన్యాయం.

మీ అమ్మాయి విషయంలో అడ్డొచ్చేవి వేరు. సెమాగ్లూటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలై నాలుగేసి వారాలకు 0.5, 1, 1.7 అవుతూ 17వ వారంలో గానీ పూర్తి మోతాదు 2.4కి చేరదు. మీ చూపులు 13వ వారంలో. తొందరపడి మోతాదు పెంచితే వాంతులు, మలబద్ధకం, నీరసం, పీక్కుపోయిన బుగ్గలు. ఆపేస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగొచ్చిందని పరీక్షల్లో చూశారు, కాబట్టి ఇది తేదీ కోసం వేసుకునే మందు కాదు. అన్నిటికంటే ముఖ్యం: గర్భం వచ్చే అవకాశం ఉంటే కనీసం రెండు నెలల ముందు సెమాగ్లూటైడ్ ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడు నోటి గర్భనిరోధక మాత్రల పని తగ్గుతుంది. పైగా బరువు తగ్గేసరికి తప్పిన అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది. పెళ్ళైన మొదటి నెలల్లో ఈ మూడూ కలిస్తే అనుకోని గర్భం, అదీ మందు ఒంట్లో ఉండగా. ఆర్నెల్లు తిండి, కదలిక సరిచేశాక కూడా షుగరో బీపీయో కొలెస్ట్రాలో మిగిలితే, 27 పైన బీఎంఐ ఉన్నవాళ్ళకు ఈ మందు అర్హత ఉంది. అప్పుడు ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల వైద్యుడు, రాయాలి. కుటుంబంలో మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్, ఆమెకు గతంలో పాంక్రియాస్ వాపు ఉంటే ముందే చెప్పాలి. అందాల క్లినిక్‌లో చిల్లరగా సిరంజిలో నింపి ఇచ్చేది తీసుకోవద్దు. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచారో లేదో, అసలు అదేనో కాదో చెప్పేవారుండరు.

కొవ్వు పీల్చే ఆపరేషన్ మీద ఆశ పెట్టుకోకండి. 2004లో 15 మంది ఊబకాయపు ఆడవాళ్ళ పొట్ట నుంచి ఒక్కొక్కరికి దాదాపు 9, 10 కిలోల కొవ్వు తీసి చూస్తే ఇన్సులిన్, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ ఏవీ మారలేదు. చర్మం కింది కొవ్వే పోతుంది, లోపలిది ఉంటుంది.

ఇంట్లో మాటల గురించి, ఇది చిన్న సంగతి కాదు. బరువు మీద ఎత్తిపొడుపులు పడ్డ పిల్లలు తర్వాతి ఏళ్ళలో ఇంకా బరువెక్కుతారని దీర్ఘకాల అధ్యయనాలు చూపించాయి. అవమానపడ్డవాళ్ళు అందరి ముందూ తక్కువ తిని, ఒంటరిగా ఎక్కువ తింటారు. జిమ్‌కి, ఫంక్షన్‌కి, డాక్టరు దగ్గరకు పోవడం మానేస్తారు. "అన్నం చాలమ్మా" అని చుట్టాల ముందు ఆపడం, పాత ఫొటోలతో పోల్చడం మానండి. ఇప్పటి కొలతకు సరిపడే బట్టలు కుట్టించండి, తగ్గాక వేసుకుంటుందని బిగుతువి దాచొద్దు. వంట మార్పు ఆమె ఒక్కదాని గిన్నెలో కాక ఇంటి గిన్నెలో జరగాలి. తినగానే బాత్‌రూమ్‌కి వెళ్ళి గడియ వేసుకోవడం, వేళ్ళ కణుపుల మీద గాట్లు, విరేచనాల మాత్రలు, గదిలో దాచిన రేపర్లు కనిపిస్తే ఆహారం పట్టికలన్నీ పక్కనపెట్టి మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. పీసీఓఎస్ ఉంటే పిల్లలు పుట్టరని ఎవరైనా అంటే నమ్మకండి. అండం విడుదలకు లెట్రోజోల్ లాంటి మాత్రలున్నాయి, చాలామందికి అవీ అక్కర్లేదు.

ఇప్పుడు మీ అబ్బాయి. 170 సెంటీమీటర్లు, 70 కిలోలు, నడుము 97 అన్నారు. బీఎంఐ 24.2, అంటే 23 గీత దాటింది, అయినా చూడ్డానికి సన్నం. నడుము హద్దు కంటే 7 సెంటీమీటర్లు ఎక్కువ, ఎత్తులో సగం కంటే 12 ఎక్కువ. తండ్రికి షుగర్. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యడ్కిన్ పక్కపక్కన దిగిన ఫొటో వేశారు: ఇద్దరికీ బీఎంఐ 22.3, కానీ యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. మన సన్నదనం అలాంటిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 25 దాటిన బీఎంఐ ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళలో 36.3 శాతం, మగవాళ్ళలో 31.1, తెలంగాణలో ఆడవాళ్ళు 30.1, మగవాళ్ళు 32.3. తెలంగాణలో మగవాళ్ళే ముందున్నారు. అయినా చూపుల్లో ఎవరూ పెళ్ళికొడుకు నడుము కొలవరు, అందుకే అతని కాలేయంలో కొవ్వు నలభై దాకా ఎవరికీ తెలియదు. జీన్స్ సైజు 34 అని ధీమాగా ఉంటే, అది బొజ్జ కింద కట్టే సైజు. అమ్మాయి పరీక్షలకు వెళ్ళే ఉదయమే అతన్నీ పరగడుపున తీసుకెళ్ళి షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, ఎస్‌జీపీటీ, బీపీ చూపించండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే అదీ చెప్పండి.

పన్నెండు వారాలకు ఇద్దరికీ నడుము, బరువు, షుగర్, ఎస్‌జీపీటీ మళ్ళీ చూడాలి. బరువు కదలకుండా నడుము మూడు సెంటీమీటర్లు తగ్గినా అది పని జరుగుతున్నట్టే, పట్టిక మార్చవద్దు. రెండూ కదలకపోతే మొదట నూనె చీటీ, తర్వాత సాయంత్రం తిండి, ఆ తర్వాత నిద్ర చూసుకోండి. ఈలోగా అమ్మాయికి నెలసరి 90 రోజులు దాటి ఆగితే ఎదురుచూడకుండా స్త్రీవైద్యురాలి దగ్గరకు వెళ్ళండి. గర్భాశయం లోపలి పొర మందమైపోకుండా కొన్ని రోజులు ప్రొజెస్టిరాన్ మాత్రలిచ్చి నెలసరి రప్పిస్తారు. తిన్నాక పొట్ట కుడివైపు పైన నొప్పి, వాంతులు, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే అదే రోజు స్కానింగ్ చేయించాలి.